బీమా లేని తొమ్మిది రోజులు

ఆ మధ్య నేను కరీంనగర్ వచ్చింది పళ్ల కోసం. ఫ్రాన్స్‌లో నేనుండే ఊళ్లో రెండు దవడపళ్లకు చెప్పిన ధర విని, విమానం టికెట్టు కొనుక్కుని వచ్చి ఇక్కడ కట్టించుకున్నా ఇంకా మిగులుతుందని తేల్చాను. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అందరూ అలాంటి లెక్కల్లోనే పుట్టి పెరిగినవాళ్లు మరి.

మాది భైంసా. బాపుది బట్టల దుకాణం. అన్న కరీంనగర్‌లో స్టీలు సామాన్లు, కుక్కర్లు, గ్యాసు పొయ్యిలు అమ్ముతాడు. నేను మాట్లాడటం, బేరం చేయడం ఒకేసారి నేర్చుకున్నానని అవ్వ అంటుంది. బాపు చెప్పిన విద్య చాలా చిన్నది. నచ్చిన వస్తువును కింద పెట్టి, మొహంలో ఏమీ కనపడనీయకుండా, వెనక్కి చూడకుండా నడిచిపోవాలి. దుకాణదారే పిలుస్తాడు. నా ముప్పై ఏళ్ల జీవితంలో పిలవనివాడు అరుదు.

ఫ్రాన్స్‌లో ఈ విద్యకు పని లేదు. ధర అట్టముక్క మీద ఏముంటే అదే. నాలుగేళ్లు నోరు కట్టుకుని బతికాను. కరీంనగర్‌లో దిగిన నాలుగో రోజు, అన్న దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉండగా, నా ఇంటి బీమా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బీమా కొత్త ఏడాదికి మారుతోందని, ధర పెరిగిందని, ఇష్టం లేకపోతే రద్దు చేసుకోవచ్చని.

అక్కడ అద్దెకుండేవాళ్లు కూడా ఇంటికి బీమా చేయించుకోవాలి. గోడలు మనవి కావు కానీ, మన నల్లా కారి కింది ఇల్లు తడిస్తే ఆ నష్టం మన మెడకే చుట్టుకుంటుంది. ఓనరు అడిగినప్పుడు బీమా కాగితం చూపించాలి. చూపించలేకపోతే ఇల్లు ఖాళీ చేయించవచ్చు. ఇల్లు పోతే నాకు చిరునామా పోతుంది. అక్కడ ఉండటానికి నాకిచ్చిన అనుమతి మూడు నెలల్లో అయిపోతుంది, దాన్ని పొడిగించాలంటే మొదట అడిగేది చిరునామానే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే చేశాను.

పక్కన అన్న ఒక ముసలామెతో ఇడ్లీ పాత్ర బేరమాడుతున్నాడు. ఆమె పాత్ర కింద పెట్టి రోడ్డు దాకా వెళ్లింది. అన్న పిలిచాడు. ఆమె చెప్పిన ధరకే ఇచ్చాడు. నాకు చేతులు దురద పెట్టాయి. ఫోనులో ఆ కంపెనీ పేజీ తెరిచి ‘రద్దు చేయండి’ అన్న చోట నొక్కాను. కారణం: ధర ఎక్కువ. ఇక వాళ్లు పిలుస్తారు, తగ్గిస్తామంటారు, నేను కాస్త మొహం మాడ్చుకుని సరేనంటాను.

వాళ్లు పిలవలేదు. సాయంత్రానికి ఒక మెయిల్ వచ్చింది. ఇన్నాళ్లు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు, మీ బీమా శుక్రవారంతో ముగుస్తుంది. అంతే. ఒకవేళ పిలిచినా నాకు తెలిసేది కాదు. రోమింగ్ దండగని నా ఫ్రాన్స్ సిమ్ము తీసి, పర్సులో కాగితంలో మడిచి పెట్టుకున్నాను.

అన్నకు చెబితే కస్టమర్ల ముందే నవ్వాడు.

“గిదేం బేరం చెల్లె? పోతనన్నవ్, పొమ్మన్నరు.”

వారంలో ఇంకో కంపెనీ చూసుకుంటానని గొప్పగా చెప్పాను. తాళం వేసిన ఖాళీ ఇంట్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం నేను పళ్ల డాక్టరు కుర్చీలో ఉన్నాను. సగం మొహం మొద్దుబారి, నోట్లో దూది. కడుపు మీద పెట్టుకున్న ఫోను కదిలింది. అక్కడ నా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ ఒక ఫొటో పంపింది. ఆమె వంటింటి సీలింగు మీద అరచేయంత పసుపు మరక, చుట్టూ గోధుమరంగు అంచు. కింద రెండే వాక్యాలు. నిన్న చూశాను. మీ ఇంట్లో నల్లా ఏమైనా తెరిచి ఉందా?

డాక్టరు నొప్పిగా ఉందా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. కళ్లలో నీళ్లు చూసి ఇంకో సూది వేశాడు.

నా ఇంట్లో వాషింగ్ మెషీన్ వెనక ఒక చిన్న నల్లా ఉంటుంది. ఊరెళ్లేటప్పుడు కట్టేయాలి. కట్టానా? ఆ పొద్దున్న బ్యాగు బరువు తూచుకుంటూ, ఒక కిలో ఎక్కువైతే చెప్పులు తీసేస్తూ, మళ్లీ పెడుతూ గడిపాను. నల్లా గుర్తు రాలేదు. అది పగిలి నేను వచ్చిన నాటి నుంచి కారుతుంటే? ఇప్పటికి చెక్క నేలంతా ఉబ్బిపోయి ఉంటుంది, ఆమె సీలింగు కూలుతుంది, ఆమె ఎప్పుడూ దాని కిందే కూర్చుని కాఫీ తాగుతుంది. తాళంచెవి ఓనరు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఓనరుకు చెబితే ఆయన అడిగే మొదటి మాట బీమా కాగితం ఏదని.

దుకాణానికి వచ్చి ఫొటో అన్నకు చూపించాను. ఈసారి నవ్వలేదు. బీమా ఎప్పటి దాకా ఉందని అడిగాడు. శుక్రవారం దాకా. మరక ఎప్పుడు చూసింది? ఆదివారం. కాసేపు కౌంటరు మీద వేళ్లతో తట్టాడు.

“శుక్రారమే చూసిన్నని రాయుమను. రెండు దినాల ఫరకే గదా.”

ఇందులో అన్నకు తప్పేమీ కనపడలేదు. నాకూ కనపడలేదు, అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది. కుక్కర్ల వారంటీ కార్డు మీద తారీఖు వేయకుండా ఇవ్వడం ఆ దుకాణంలో మామూలు. గడువు దాటాక కాలిన పొయ్యి పట్టుకొచ్చి, కొన్న తారీఖు జర ఇటు జరిపి రాయి సేటూ అని బతిమాలితే, తెలిసినవాళ్లయితే అన్న రాస్తాడు. దాన్ని మేము అబద్ధమనుకోలేదు, గిరాకీని నిలబెట్టుకోవడం అనుకున్నాం. తారీఖు కూడా బేరమాడుకునే వస్తువే.

పెద్దావిడకు రాశాను. నల్లా సంగతి నాకు తెలియదు, క్షమించండి. బీమావాళ్ల ఫారం మనిద్దరం కలిసి నింపాలి కదా, అందులో మరక శుక్రవారం కనపడిందని రాయగలరా, నాకు చాలా సాయం చేసినట్టవుతుంది. మర్యాద మాటలు నాలుగు ఎక్కువే పెట్టాను.

ఆమె చదివినట్టు ఫోను చూపించింది. జవాబు లేదు.

మంగళవారం అంతా లేదు. దుకాణంలో గిన్నె పడి మోగినా నేను ఉలిక్కిపడ్డాను. అప్పటిదాకా భయం నీళ్ల గురించి. ఇప్పుడు ఆ మెసేజి గురించి. నీళ్లు కారడం ప్రమాదం, ఎవరూ కాదనరు. కానీ నేను రాసింది నా వేళ్లతో రాసింది. ఆమె దాన్ని ఓనరుకు చూపిస్తే? బీమా కంపెనీకి పంపితే? అనుమతి పొడిగించే ఆఫీసులో ఒక మనిషి నా ఫైలు తెరిచి నా మెసేజి పైకి చదువుతున్నట్టు కనపడేది. తుడిచేద్దామనుకున్నాను. చదివిన తర్వాత తుడిస్తే అదింకా దొంగతనంలా ఉంటుంది. అన్నం ఒకవైపు దవడతోనే నములుతున్నాను కానీ, రెండు వైపులా బాగున్నా దిగేది కాదు.

“గంత పరేషానెందుకు? ఆమె రాయనంటే రాయనంటది” అన్నాడు అన్న.

అన్నకు ఆమె తెలియదు. నేను కొత్తగా దిగినప్పుడు, నా పెట్టె మూడంతస్తులు మోయలేక మెట్ల మీద కూర్చుంటే, వచ్చి దానికి ఒకవైపు పిడి పట్టుకున్న మనిషి. ఆమె వయసు డెబ్బై దాటింది.

బుధవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. దుకాణం వెనక గోదాములో, అట్టపెట్టెల మధ్య నిలబడి చదివాను. ఓనరును పిలిచాను, ఆయన మీ తలుపు తీశాడు, నేనూ వెంట వెళ్లాను అని రాసింది. మీ నేల తడవలేదు. మీ నల్లా కట్టే ఉంది. గోడలో పోయే పైపు పగిలింది, అది భవనం మొత్తానిది. చివర విడిగా ఇంకో వాక్యం: ‘ఫారంలో నేను ఆదివారం అని రాశాను, ఎందుకంటే ఆదివారమే చూశాను.’

తప్పించుకున్నానని ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకోలేకపోయాను. ఎందుకంటే ఇంకో గంటకే ఓనరు మెయిల్ వచ్చింది. పైపు పనికి గోడ పగలగొట్టాలి, ఫైల్లో పెట్టడానికి మీ బీమా కాగితం పంపండి. మామూలుగా అడిగాడు. ఆమె నా మెసేజి చూపించిందో లేదో ఆ మెయిల్లో ఎక్కడా తెలియలేదు. రద్దుకు ముందు ఇచ్చిన పాత కాగితం మీద నెలాఖరు దాకా తారీఖు ఉంది. పంపిస్తే ఎవరూ కంపెనీకి ఫోను చేసి అడగరు.

అన్న కూడా అదే అన్నాడు. పంపెయ్యి, కాగితం నిజమైనదే కదా అని.

నేను ఫోను ముందు చాలాసేపు కూర్చున్నాను. మంచితనం గురించి ఆలోచించానని చెబితే అబద్ధం. ఆ మంగళవారం లాంటి రోజు ఇంకోటి నా వల్ల కాదనిపించింది. శనివారం నుంచి నాకు బీమా లేదు, ధర తగ్గిస్తారనుకుని నేనే రద్దు చేశాను, ఈ వారంలో కొత్తది తీసుకుంటాను అని రాసి, అన్నకు చదివి వినిపించాను.

“నీ మెడకు నువ్వే తాడు పెడ్తున్నవ్ చెల్లె. గింత చదువు చదివి, బేరమొస్తలేదు.”

“వస్తలేదే” అని పంపేశాను.

ఆ సాయంత్రమే రెండు కంపెనీలకు రాశాను. మొదటిది నాకు బీమా లేని రోజుల గురించి అడిగి వద్దంది. రెండోది పాతదాని కన్నా ఎక్కువ చెప్పింది. ఒప్పుకున్నాను. సోమవారం నుంచి మొదలవుతుందన్నారు, అంతకు ముందు కుదరదన్నారు. ఆ మధ్య రోజులు నేను ఫోనును చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఓనరు నుంచి మాట లేదు. సోమవారం కొత్త కాగితం పంపితే, అందింది అని ఒక్క ముక్క రాశాడు. మంచివాడనుకోవాలో, నా ఒప్పుకోలును కూడా అదే ఫైల్లో పెట్టుకున్నాడనుకోవాలో తెలియదు. నా అద్దె ఒప్పందం వచ్చే ఏడాదితో ముగుస్తుంది. పొడిగిస్తాడా అని అడగడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

తిరిగి వెళ్లిన రోజు పెద్దావిడ తలుపు తట్టాను. వంటింట్లోకి తీసుకెళ్లి కాఫీ పోసింది. మరక అలాగే ఉంది. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయకూడదట. కొత్త పళ్లు బాగున్నాయా అని అడిగింది. బాగున్నాయన్నాను. శుక్రవారం గురించి ఆమె ఏమీ అనలేదు. తన కుర్చీ మాత్రం కిటికీ పక్కకు జరుపుకుంది. నన్ను మరక కిందున్న కుర్చీలో కూర్చోమంది. కాఫీ పూర్తయ్యేదాకా నేను తల పైకెత్తలేదు.