ఐదు కిలోమీటర్ల తేడా

నా బిడ్డ కారు కొని కిరాయికి నడపడం మొదలుపెట్టినప్పుడు వికారాబాద్‌లో మా వీధివాళ్ళు చాలా అన్నారు. అవి రాయను. ఆమె మొదటి కిరాయి గురించి రాస్తాను.

తాండూరు అవతల ఒక ఊరిలో నిండు చూలాలిని ఎక్కించుకుని, తొమ్మిదిన్నరకల్లా తాండూరు ఆసుపత్రికి చేర్చాలి. ఆ రోజు ఆమెకు ఆపరేషన్. భర్త ముందురోజు సాయంత్రమే ఫోన్‌లో లొకేషన్ పంపాడు. చూలాలి అత్త మాత్రం ఆడమనిషి నడిపే బండి ఎందుకని కొడుకును అడిగిందట.

నేను ఏఎన్ఎంగా ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఊళ్ళన్నీ తిరిగి పిల్లలకు టీకాలు వేశాను. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో నా టూర్ డైరీల్లో ఉంది. తోడుగా నేనూ బయల్దేరాను. ఆరు గంటల యాభై నిమిషాలకు కారు కదిలింది. "ఫోన్ చెప్తుంటే నడుమ మాట్లాడకమ్మా, పరేషాన్ అయితది" అంది బిడ్డ. సరే అన్నాను.

తాండూరు చేరేసరికి ఎనిమిది. అక్కడి నుంచి ఆ ఊరికి ఫోన్ పద్నాలుగు కిలోమీటర్లు చూపింది. నా డైరీలో తొమ్మిది. మాట ఇచ్చాను కనుక నోరు తెరవలేదు. ఏడో కిలోమీటరు దగ్గర నీళ్ళ ట్యాంకు పక్కన దారి చీలింది. ఊరికి కుడివైపు పోవాలి. ఫోన్ ఎడమకు తిరగమంది, తిరిగాం. అప్పుడైనా చెప్పవలసింది. ఆ తప్పు నాదే.

ఎనిమిదీ ఇరవై ఒకటికి ఫోన్ గమ్యం వచ్చిందని చెప్పింది. ఎదురుగా నాపరాయి గని. లోతైన గొయ్యి, అడుగున పచ్చటి నీళ్ళు, చుట్టూ పగిలిన రాళ్ళ దిబ్బలు. పని ఇంకా మొదలుకాలేదు, అడగడానికి మనిషి లేడు. బిడ్డ ఆ భర్తకు ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. అతను ఆ గనిలోనే కూలీ. లొకేషన్ పంపమంటే నిలబడ్డ చోటు నుంచే పంపాడు. సీదా ఊళ్ళోకి రండి, ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు అంటున్నాడు.

బిడ్డ అతన్ని ఒక్క మాట అనలేదు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"అమ్మా, నీ డైరీల ఎన్ని కిలోమీటర్లున్నది?"

"తొమ్మిది."

"మరి ముందుగాలనే చెప్పకపోయినవ్?"

"నడుమ మాట్లాడొద్దన్నవ్ గద, బిడ్డా."

నవ్వింది. ఆ నవ్వుకే నా గుండె నిబ్బరపడింది. తర్వాత గొయ్యికీ రాళ్ళ దిబ్బకూ మధ్య, కారు పొడవు కంటే కొంచెమే వెడల్పున్న చోట, ముందుకీ వెనక్కీ ఆరుసార్లు కదిపి బండి తిప్పింది. నేను దిగి చక్రాలు చూస్తూ నిలబడ్డాను. ఒక్క గీత పడలేదు. ఏడు కిలోమీటర్లు వెనక్కి, ట్యాంకు దాటి రెండు. ఈసారి దారి నేను చెప్పాను.

ఇంటి ముందు ఆగేసరికి ఎనిమిదీ నలభై ఆరు. అత్త మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, కోడలిని ఎక్కించి తానూ ఎక్కింది. గతుకు వచ్చిన ప్రతిచోటా బిడ్డ బండిని దాదాపు ఆపి దాటించింది. ఆసుపత్రి గేటు దగ్గర తొమ్మిదీ పద్నాలుగు. పదహారు నిమిషాలు మిగిలాయి.

ఇప్పుడు ఎవరు లొకేషన్ పంపినా బిడ్డ ముందు అడిగే ప్రశ్న, ఇంటి ముందు నిలబడి పంపారా అని. తర్వాత ఫోన్ చూపిన దూరం నాకు చదివి వినిపిస్తుంది. నేను డైరీ తీస్తాను. రెండు లెక్కలూ కలిస్తేనే కారు కదులుతుంది.

ఆపరేషన్ అయిన ఆరో రోజున ఆ అత్తే ఫోన్ చేసింది. మనవరాలిని ఇంటికి తీసుకుపోవాలట. "గా ఆడామెనే రమ్మను, మెల్లగ తోలుతది" అంది. బిడ్డ స్నానానికి పోయింది. ఎన్ని గంటలకో అడిగి నేనే రాసుకున్నాను.