అక్క పట్టిన తప్పులు

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు ఆఫీసు ఫోన్లో తెలిసింది. ఆమె నా భర్త అన్నగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. చిన్నతనంలో వచ్చిన కీళ్ళజ్వరం ఆమె గుండెను పాడుచేసింది. ఈమధ్య ఆయాసం ఎక్కువై, పుత్తూరులో పుట్టింటి దగ్గర కొన్నాళ్ళుండి వస్తానని వెళ్ళింది. ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "మా అక్క పోయిందక్కా. పొద్దున కాఫీ తాగి పండుకునింది, మళ్ళా లేయలేదు" అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఎదురుగా నిలబడి ఉన్న విద్యార్థి చేతిలోంచి కాగితాలు తీసుకుని, అతని ప్రోగ్రాంలో తప్పెక్కడుందో చూపించి పంపించాను. ఆ తర్వాతే ఏడ్చాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో వాళ్ళు అడిగారు. ఆమె మంచితనం గురించి ఎవరైనా రాస్తారు. నేను రాయగలిగింది ఆమెను చూసి నేను పడిన కుళ్ళు గురించే. ఆమెను నాకంటే శ్రద్ధగా గమనించినవాళ్ళు ఎవరూ లేరు.

ఇద్దరం తిరుపతిలోనే లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాం. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేటప్పటికే ఆమె కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తోంది. ఏడాది తిరక్కుండా నాకూ అక్కడే ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అత్తమ్మ పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా అక్కనే అడిగేది. ఆఫీసులో ప్రొఫెసర్లు నా బల్ల దాటి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళేవారు. పొద్దున వంటింట్లో మొదలైన ఉక్రోషాన్ని టిఫిన్ క్యారియరుతో పాటు ఆఫీసుకు మోసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇంటికి తెచ్చుకునేదాన్ని.

అప్పట్లో మేం ప్రోగ్రాములు ఫోర్ట్రాన్‌లో రాసేవాళ్ళం. ఒక్కో వాక్యం ఒక్కో అట్టముక్క మీద చిల్లులుగా పడేది. ఆ అట్టల కట్ట ఇస్తే, కంపైలర్ వాటిని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేది. యంత్రం గది నిండా ఉండేది గానీ దాని మెమరీ చాలా తక్కువ. అంకెలు పెట్టుకునే చోటు కోసం ఎప్పుడూ వెతుకులాటే.

భూగర్భశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన జిల్లాలోని బావుల నీటిమట్టాలన్నీ సేకరించి, ఏటేటా నీళ్ళు ఎంత లోతుకు దిగిపోతున్నాయో లెక్కకట్టమన్నారు. ఆ పని నాకు వచ్చింది. అన్ని బావుల అంకెలూ ఒకే పెద్ద పట్టికగా మెమరీలో పెట్టుకునేలా రాశాను. చోటు చాలదని యంత్రం తిప్పికొట్టింది. అయితే మద్రాసులో పెద్ద యంత్రం ఉంది, అక్కడికి వెళ్ళి చేసుకురమ్మన్నారు ప్రొఫెసర్. నేనంతవరకూ ఒంటరిగా రైలెక్కలేదు. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క నా కాగితాలు నేలమీద పరుచుకుని కూర్చుంది. జడముడిలో పెన్సిలు దోపుకుని, ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటూ చదవడం ఆమె అలవాటు. కాసేపటికి తలెత్తింది.

"ఏమ్మే, జిల్లాలో బావులన్నీ ఒకేసారి ఇంట్లోకి తెచ్చుకోవాల్నా? ఒక బావి సదువు, దాని లెక్క తేల్చి రాసేయ్, ఆ చోట్లోనే ఇంకో బావి సదువు. ఒక బావికి పట్టే చోటుంటే సాలదా?"

చాలు. మర్నాడు మా చిన్న యంత్రంలోనే ప్రోగ్రాం నడిచింది. మద్రాసు ప్రయాణం ఆగిపోయింది. ప్రొఫెసర్ సంతోషించారు, అత్తమ్మ సంతోషించింది. నేను రెండు రోజులు అక్కతో ముక్తసరిగా మాట్లాడాను. ఆమె దాన్ని గమనించినట్టు లేదు. అది నన్ను ఇంకా మండించింది.

అంతటితో అయిపోలేదు. ఫలితాల్లో ఒక బావిలో నీళ్ళు నేలకంటే పైన నిలబడి ఉన్నట్టు వచ్చింది. మా సీమలో అలాంటి బావి ఉంటే జనం తండోపతండాలుగా చూడ్డానికి పోయేవాళ్ళు. ఎక్కడ తప్పిందో తెలుసుకుందామని, మధ్యలో అంకెలు అచ్చువేయమని ఒక వాక్యం చేర్చాను. లెక్క సరిగ్గా వచ్చింది. ఆ వాక్యం తీసేశాను. నీళ్ళు మళ్ళీ పైకి లేచాయి. ఈసారి అక్కకు చెప్పకూడదని పట్టుబట్టాను. ప్రొఫెసర్ సెమినార్ దగ్గర పడింది. ఇక గత్యంతరం లేక కాగితాలు ఆమె ముందు పెట్టాను.

"నువ్వు సూడబోతే తప్పు మాయమైపోతా ఉందంటే, యాడో ఒకరు పక్కింటోళ్ళ జాగాలో కాలు పెట్టినారు" అంది. "అది ఆగిన కాడ కాదు, నడిసొచ్చిన దావ సూడు."

వచ్చిన దారి చూశాను. ఏడాదికి పన్నెండు నెలలని పన్నెండు అంకెలకు చోటు అడిగి, సగటును పదమూడో చోట రాశాను. అలాంటి చోటు లేదని కంపైలర్ నాకు చెప్పలేదు. పదమూడో అంకె పోయి పక్కనున్న అంకె మీద కూర్చుంది. అచ్చువేసే వాక్యం చేరిస్తే అంకెల ఇరుగుపొరుగు మారిపోయి తప్పు దాక్కునేది. దిద్దుకున్నాను. సెమినార్లో ప్రొఫెసర్ మా ఇద్దరికీ కృతజ్ఞతలు చెప్పారు. అక్క పేరు ముందు చెప్పారు.

తర్వాత చాలాకాలం ఆమె రాసిన ప్రతి ప్రోగ్రాం నేను చదివాను. నేర్చుకోవడానికి చదువుతున్నానని ఆమె అనుకుంది. నేను తప్పు కోసం వెతుకుతున్నాను. దొరకలేదు. వెతికి వెతికి ఫోర్ట్రాన్ నాకు బాగా వచ్చేసింది.

చివరికి ఒకటి దొరికింది. బడిపిల్లల ఎత్తూ బరువుల మీద ఆమె రాసిన ప్రోగ్రాంలో మొత్తం ఎప్పుడూ సున్నా వస్తోంది. ఆమె ఎంత చూసినా అంతుపట్టలేదు. నేను అట్టలు ఒక్కొక్కటే తిప్పుతూ, 'టోటల్' అన్న మాటలో ఒక చోట ఒక అక్షరం తేడా పడటం చూశాను. ఫోర్ట్రాన్‌కు పేరు మారితే వేరే మనిషే. పాత పేరు ఖాళీగా కూర్చుంది, కూడికంతా కొత్త పేరులో పడుతోంది. ఆ అట్టను అందరూ చూస్తుండగా ఆమె బల్లమీద పెట్టాను. ఆమె ముఖం చిన్నబోతుందని ఎదురుచూశాను.

ఆమె చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత ఆయాసం వచ్చేంత నవ్వింది. "సూడండప్పా, నా సెల్లెలు పట్టేసినాది" అని గదిలో ఉన్నవాళ్ళందర్నీ పిలిచింది. నా వైపు తిరిగి, "మనం రాసింది మన కండ్లకు అగపడదే. రాయాలనుకునిందే అగపడతాది. అందుకే ఇంట్లో ఇద్దరుండాల" అంది.

ఆమె తెలివి మీద, ఆమె పేరు మీద, ఆమెకు అత్తమ్మ పెట్టే పెరుగు మీద కూడా నేను కుళ్ళుకున్నాను. అవన్నీ ఆ రోజుతో చిన్నవైపోయాయి. తప్పు చేసి అంత హాయిగా నవ్వడం ఆమెకెలా వచ్చిందో. ఆమెలో నాకు నిజంగా కావాల్సింది అదొక్కటే. అది నాకు ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు ఆమె బల్ల నాకిచ్చారు. అందరూ నా దగ్గరికే వస్తున్నారు. నా ప్రోగ్రాం చదివి తప్పు పట్టేవాళ్ళు మాత్రం లేరు.

నేను ఆమె తప్పు పట్టిన ఆ రోజు సాయంత్రం సిటీబస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఎదురు సీట్లో మల్లెల గంపతో ఒకామె కూర్చుంది. ముక్కూ మొహం తెలియని ఆ పూలామెకు అక్క జరిగిందంతా చెప్పింది. "నేను సేసిన తప్పు ఈయమ్మి పట్టినాది" అని నన్ను చూపించింది. పూలామెకు కంప్యూటరంటే ఏం తెలుసు? అయినా నవ్వు చూసి నవ్వింది. గంపలోంచి మూర పూలు తుంచి, ఊరికే ఇచ్చింది. అక్కకు ఇచ్చింది.

అక్క ఆ పూలు సగం చేసి నాకివ్వలేదు. మూరంతా తన జడలోనే పెట్టుకుంది. బస్సు రైల్వేగేటు దగ్గర ఆగింది. గేటు ఎంతకీ తీయలేదు. ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మల్లెలు నా చెంపకు చల్లగా తగులుతున్నాయి. ఆమె లేస్తుందేమోనని నేను కదలకుండా కూర్చున్నాను.