ఇనబడ్నేదు

బెంగాలీల నగరంలో, గార్డెన్ రీచ్‌లోని తెలుగు బడిలో పైడితల్లి టీచరు పాఠం చెప్పేశాక బోర్డు దగ్గర ఉండదు. కొంగు నడుముకి దోపుకుని ఆఖరి బెంచీ మీద కూర్చుంటుంది. ఎండలెందుకు ముదురుతున్నాయో, వానకి తమ బస్తీ ఎందుకు మునుగుతోందో మూడో తరగతి పిల్లలు లేచి చెప్పాలి. గొంతు తగ్గిందా, చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఇనబడ్నేదు" అంటుంది. రోడ్లూడ్చేవాళ్ల పిల్లలు తలొంచుకుని గొణగడం ఎవరు నేర్పారని ఆవిడ మంట. ఆవిడా ఊడ్చేవాళ్ల ఇంటి పిల్లే.

ఆవేళ ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు రామనాథంగారు వాతావరణ మార్పు గురించి చెప్పడానికి వచ్చారు. పొగ తగ్గించాలని అరగంట చెప్పారు. ఆ అరగంటా, బయట సుత్తీ కొడవలీ గీసిన గోడ పక్కన, ఆయన అంబాసిడర్ ఇంజను ఆగలేదు. దొరగారు ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలి మరి! పొగంతా కిటికీలోంచి వచ్చి పిల్లలు దగ్గుతున్నారు.

"ఏమైనా అడుగుతారా?" అన్నారాయన నవ్వుతూ.

పిల్లల్లోంచి నూకరత్నం లేచింది. "సార్, మీ గాడీ ఎందుకు ఆపనేదు? పొగ మాకే వస్తంది."

"చుప్! పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడ్డం? కూర్చో!" అని హెడ్మాస్టరు కసిరాడు.

పిల్ల తల వాలిపోయింది. ఆఖరి బెంచీ మీద పైడితల్లి టీచరు చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

"ఇనబడ్నేదు, నూకరత్నం. మల్లీ సెప్పు."