చెట్లమ్మాయి వాళ్ల నాన్న

చెట్లు చూడటానికి జనం డబ్బులిచ్చి మరీ వస్తారంటే మొదట్లో నేను నమ్మలేదు. నా మటుకు నాకు చెట్టంటే వ్యాను నీడన పెట్టుకోవడానికి. పిట్టలు వాలని చెట్టయితే ఇంకా మంచిది, అద్దాలు తుడుచుకునే పని తప్పుతుంది. అలాంటి నన్ను పట్టుకుని, "అన్నా, శని ఆదివారాలు నీ వ్యాను నాకే కావాలి" అంది మా వీధి చివర మేడ మీద ఉండే అమ్మాయి. వీధిలో అందరూ ఆమెను చెట్లమ్మాయి అంటారు.

అంతకు ముందు ఆమె ఒక బీమా ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. కోపంగా ఉన్నవాళ్లకు రోజంతా సర్దిచెప్పడమే పని. భోజనం వేళ ఆఫీసు వెనక గోడ పక్కనున్న చెట్టు కింద కాసేపు కూర్చుంటే తప్ప మధ్యాహ్నం మళ్లీ గొంతు పెగిలేది కాదట. ఒకరోజు పక్క సీటు ఆవిడను కూడా తీసుకెళ్లి కూర్చోబెట్టింది. తర్వాత ఇంకొకరిని. చివరికి ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకుంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణాలు కొన్ని, గుడారాలు వేసుకుని రాత్రి అడవిలోనే ఉండిపోయేవి కొన్ని. ఇంట్లో ముందు గది నిండా గుడారాల చుట్టలు, తాళ్లు, బురద బూట్లు. ఎవరైనా కూర్చోవాలంటే ముందు ఏదో ఒకటి పక్కకు జరపాల్సిందే.

ఆమె పద్ధతి వేరు. చెట్టు పేరు ముందు చెప్పదు. "పేరు చెబితే, ఓహో అదా అనుకుని చూడటం మానేస్తారన్నా" అంటుంది. ఒక్కొక్కరినీ తనే నడిపించుకుంటూ పోయి, పక్కవాళ్లు కనబడనంత దూరంలో ఒక్కో చెట్టు దగ్గర కూర్చోబెడుతుంది. గంటసేపు మాటా పలుకూ ఉండకూడదు. ఈలలు వేసి పిలవడం ఆమెకు నచ్చదు. గంటయ్యాక తనే వెళ్లి అందరినీ లేపుకొస్తుంది. నేనూ ఒకసారి కూర్చున్నాను. హాయిగా నిద్రపట్టేసింది. నా గురక ఎవరికో వినబడిందట, మళ్లీ నన్ను కూర్చోనివ్వలేదు.

ఈ పని బొత్తిగా గిట్టనిది వాళ్ల నాన్నకే. పెద్దాయన వయసంతా కలప కోసే మిల్లులో పనిచేశాడు. ఏ చెట్టును చూసినా ఎన్ని తలుపులొస్తాయో అంచనా కట్టే మనిషి. నెల తిరిగేసరికి జీతమొచ్చే ఉద్యోగం వదిలేసి కూతురు అడవుల వెంట తిరుగుతోందని ఆయన బాధ. తప్పు ఒప్పుకోవడం ఆయన ఒంట్లోనే లేదు. దారి తప్పినా, "ఇటువైపు ఎలా ఉందో చూద్దామనే వచ్చాను" అనే రకం. అమ్మాయి మాత్రం తక్కువ తిందా? అదే మొండితనం, అదే ముక్కుమీద కోపం.

అలాంటిది ఆ శనివారం పెద్దాయన తనంతట తనే వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. "ఏం చేస్తుందో నా కళ్లతో చూస్తాను" అన్నాడు. రాత్రి అక్కడే ఉండే ప్రయాణం. అమ్మాయికి కాలు ఒకచోట నిలవలేదు. తండ్రి సంచి తనే మోసింది, ఆయన నీళ్ల సీసా తనే నింపింది.

అడవిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆయన నోరు ఊరుకుంటే ఒట్టు. అందరూ ఒక పెద్ద చెట్టు ముందు తలలెత్తి నిలబడితే, "దీంట్లో నాలుగు తలుపులు, రెండు మంచాలు వస్తాయి" అన్నాడు. జనం నవ్వారు. ఇంకో చెట్టు దగ్గర, "ఇది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు" అన్నాడు. మళ్లీ నవ్వారు. ఆయనకు ఊపొచ్చింది. మూడో చెట్టు దగ్గర ఆమె మాట్లాడుతుంటే అడ్డమొచ్చి, "ఊరికే నిలబడ్డ మానును చూడటానికి ఇంతమందా! ఇళ్లలో పనులు లేవా?" అన్నాడు. ఎర్ర సంచి తగిలించుకున్న ఒకాయన పగలబడి నవ్వాడు.

అమ్మాయికి చర్రున కోపమొచ్చింది. "నాన్నా, ఒక్క గంట నోరు మూసుకుని కూర్చుంటావా? నేనొచ్చి లేపేదాకా నీ గొంతు వినబడకూడదు" అంది, అందరి ముందూ.

పెద్దాయన మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "సరే" అని, ఆమె చూపించిన చెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఏదో అనబోయింది. మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారు. అనకుండానే వెళ్లిపోయింది. నేను గుడారాలు దించడానికి ఆరుబయట ఆపిన వ్యాను దగ్గరికి వచ్చేశాను.

గంట ఇంకా కాలేదు, గాలి లేచింది. చూస్తుండగానే ఆకాశం ఒకవైపంతా నల్లబడిపోయింది. చెట్ల తలలు ఊగిపోతున్నాయి. గాలి లేస్తే చెట్ల కింద ఎవరూ ఉండకూడదనేది ఆమె పెట్టుకున్న గట్టి నియమం. నేను అనుకునేలోపే ఆమె అందరినీ పోగేసుకుని పరుగున బయటికొచ్చింది. పెద్దాయన లేడు.

"తువ్వాలుంది, మనిషి లేడన్నా" అంది. రొప్పుతోంది. "అటూ ఇటూ తిరిగి పిలిచాను. పలకలేదు."

మిల్లు మోతలో బతికినా ఆయన చెవులు పాముచెవులు. వినబడకపోవడమనే మాటే లేదు. అంతమందిలో తల కొట్టేసినట్టయి, ఎవరికీ కనబడని చోటు వెతుక్కుని ఉంటాడు. వీళ్లను బండిలో కూర్చోబెట్టమని నాకు చెప్పి ఆమె మళ్లీ లోపలికి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే అడవిలో ఏదో ఫెళ్లున విరిగింది.

"నాన్నా!" అని ఆమె వేసిన కేక నాకు ఇక్కడిదాకా వినిపించింది.

వాన మొదలైంది. వ్యానులో గొడవ మొదలైంది. "ఇక్కడే ఉంటే మన నెత్తినా ఏదో చెట్టు పడుతుంది. ముందు మమ్మల్ని రోడ్డు మీద దింపేసి రా" అని ఎర్ర సంచి ఆయన నా మీద ఎగిరాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "తాళం నా జేబులో ఉంది. మీకంత తొందరైతే బండి తోసుకుంటూ పోండి" అని దిగి అడవిలోకి నడిచాను. ధైర్యమేం కాదు. పైన కొమ్మ కదిలినప్పుడల్లా తల భుజాల్లోకి దూర్చుకుంటూ వెళ్లాను.

లోపల సాయంత్రమే చీకటి పడినట్టుంది. ఆమె చెట్టు చెట్టుకూ తిరుగుతూ పిలుస్తోంది. గొంతు పగిలిపోయింది. "తప్పైపోయింది నాన్నా. ఇంకెప్పుడూ అలా అనను. ఒక్కసారి పలుకు" అంటోంది. ఆ గొంతు వింటూ నా కళ్లు నేను తుడుచుకున్నాను, వాన అనుకుంటే వాన.

అప్పుడు వినబడింది, టక్ టక్ మని. ఆగి, మళ్లీ టక్ టక్. ఆమె ఆ వైపు దూకింది. చిన్న గట్టు అవతల, నా నడుమంత కొమ్మ ఆయన తొడల మీద అడ్డంగా పడి ఉంది. దాని పిల్ల కొమ్మ ఒకటి రొమ్మును నొక్కేస్తోంది. చేతిలో రాయి పట్టుకుని కొమ్మ మీద కొడుతున్నాడు. నోరు తెరుస్తున్నాడు, గాలి తప్ప మాట రావడం లేదు.

ఇద్దరం కలిసి ఎత్తబోయాం. కదల్లేదు. వ్యాను జాకీ తెస్తానని వెనక్కి పరుగెత్తాను. దారి సగంలో ఎదురొచ్చింది ఎవరనుకున్నారు? ఎర్ర సంచి ఆయనే. ఆ ఫెళ్లుమన్న చప్పుడుకు ఏ కొమ్మో మీద పడి ఉంటుందనుకున్నాడట, జాకీ, ఒక గుడారం చుట్ట భుజాన వేసుకుని, చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని వస్తున్నాడు. జాకీ కింద రాళ్లు పేర్చాం. నేను తిప్పుతుంటే కొమ్మ గోరంత గోరంత లేచింది. అది జారితే ఆయన పని అంతే. సందు దొరకగానే ఆమె తండ్రి చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది. గుడారం గుడ్డలో వేసుకుని మోసుకొచ్చాం.

వెనక సీటు మీద ఆయనను పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాం. మిగతావాళ్లు ఒకరిమీద ఒకరు ఒదిగి కూర్చున్నారు. అమ్మాయి కింద కూర్చుని ఆయన కాలు కదలకుండా పట్టుకుంది. "నా వల్లే. నేను ఆ మాట అనకపోతే నువ్వు అక్కణ్ణుంచి లేచేవాడివే కాదు. అంతా నా వల్లే" అని అదే పనిగా గొణుగుతోంది.

చాలా దూరం వచ్చాక పెద్దాయనకు గొంతు వచ్చింది.

"ఆపవే. నువ్వు మొదటిసారి పిలిచినప్పుడు ఆ కొమ్మ ఇంకా చెట్టుకే ఉంది."

"నీకు వినబడిందా?"

"శుభ్రంగా వినబడింది. కావాలనే పలకలేదు. నోరు మూసుకోమంది కదా, కాసేపు వెతకనీ అనుకున్నాను. తర్వాత పలుకుదామంటే గొంతు రాలేదు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "తప్పు నాది."

నేను అద్దంలోకి చూడకుండా రోడ్డే చూస్తున్నాను.

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఇప్పుడెందుకు చెప్పావు నాన్నా?" అంది ఆమె.

"ఎన్నాళ్లు మంచాన పడతానో ఏమో. ఇలా నిన్ను నువ్వు తిట్టుకుంటుంటే వింటూ పడుకోలేనమ్మా" అన్నాడు.

ఆమె కాలు వదలకుండానే ఒక చేత్తో ఆయన మొహం తుడిచింది. "అన్నా, కొంచెం తొందరగా పోనివ్వు" అంది.