సుగుణమ్మగారి ప్రశ్న, రమణమ్మగారి గొలుసు

ఈ ఉదయం మా ఉదయగిరి బాలవాడి గుమ్మంలో శొంఠి గంధం వాసన గుప్పుమన్నది. కొండ నీడ ఇంకా వాకిలి దాటలేదు. ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని, మరో చేత పని గంప పట్టుకొని నిలబడి ఉంది. ఆ పిల్ల చెవి కింద నుంచి దవడ దాకా వేసిన శొంఠి పట్టు ఆరి పొలుసులుగా లేస్తోంది. గవదబిళ్ళలని కళ్ళకంటే ముందు నా ముక్కే చెప్పింది. ఆ ఘాటు తగిలిన క్షణంలోనే నేను ఆత్మకూరులో ఉన్నాను. పెంకుటింట్లో బాలవాడి, వాకిట్లో ముక్కాలి పీట, దాని మీద సుగుణమ్మగారు, ఆమె ఒడిలో చింతపండు గిన్నె!

ఆమెను ఎరుగని వారికి ముందుగా ఆ గిన్నె సంగతి చెప్పాలి. సుగుణమ్మగారు మిషను బడిలో చదువుకొని, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఆ బాలవాడిని మొదటి రోజు నుంచీ నడిపిన మనిషి. ఊళ్ళో గవదబిళ్ళలు మొదలయ్యాయని వినగానే ఆమె వాకిట్లో కూర్చొని, లోపలికి వచ్చే ప్రతి బిడ్డ నోట్లోనూ చిటికెడు చింతపండు పెట్టేవారు. పిల్లలకు అది పండుగ. ఆమెకు అది పరీక్ష. పులుపు తగిలి నోరూరగానే, జబ్బు మొదలవుతున్న బిడ్డకు చెవి కింద సలుపుతుంది. చెయ్యి దానంతటదే దవడ మీదికి పోతుంది. "వాపు కనిపించేదాకా ఆగితే పక్కవాళ్ళకు అంటించేసి ఉంటాడమ్మా, మనకంటే వాడి చెయ్యే ముందు చెప్తాది" అనేవారు.

నేను అప్పుడే నెల్లూరులో కాలేజీ ముగించి, వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పులను ట్రంకుపెట్టెలో పెట్టుకొని, ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళే అయింది. దేశంలో సరిదిద్దవలసినవన్నీ వాదించి సరిదిద్దవచ్చునని నా దృఢమైన నమ్మకం. ప్రతిపక్షం దొరకని రోజు నాకు అన్నం సహించేది కాదు. సుగుణమ్మగారు ఆ కొరత తీర్చారు.

నాట్ల కాలం మొదలైన వారంలో ఊరి బయటి హరిజనుల పాలెం నుంచి వచ్చే యాకోబు చింతపండు నోట్లో పెట్టుకొని "అబ్బా" అంటూ చెవి పట్టుకున్నాడు. వాడి తల్లి మార్తమ్మ చెరువు కింది మడుల్లో నాట్లకు పోయే మనిషి. బిడ్డను ఇంటికి తీసుకుపొమ్మంటే ఆమె ముఖం పాలిపోయింది. అదే రోజు మరి ఇద్దరి చేతులు దవడల మీదికి వెళ్ళాయి. సాయంత్రానికి మా కమిటీ అధ్యక్షుల నుంచి కబురు వచ్చింది. జబ్బుపడిన పిల్లలను విడిగా ఉంచే ఏర్పాటు శనివారానికి జరగకపోతే, నాట్లు ముగిసేదాకా బాలవాడి మూసివేయాలి. మూసివేస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. తల్లులు నాట్లు మానరు. పాకే పిల్లలను సైతం నీళ్ళు నిండిన మడుల గట్ల మీద కూర్చోబెట్టి పనిలోకి దిగుతారు.

ఆత్మకూరులో అప్పట్లో గవదబిళ్ళలకు శొంఠి పట్టుతో పాటు మరొక వైద్యం ఉండేది. బిడ్డ మెడలో బంగారు గొలుసు వేసేవారు. లేనివారు అడిగి తెచ్చుకునేవారు. బజారు వీధిలో కిరాణా అంగడి శెట్టిగారి భార్య రమణమ్మగారి రెండు పేటల గొలుసు అందుకు పేరు పొందింది. సుగుణమ్మగారు ఆ గొలుసు అడుగుదామనగానే నేను చివాలున లేచాను.

"అమ్మగారూ, బంగారానికీ దవడ వాపుకూ ఏమిటి సంబంధం? మూఢనమ్మకాన్ని మనమే బడిలోకి పిలిస్తే, రేపు పిల్లలకు నిజం ఎలా చెప్తాం?"

ఆమె చివరిదాకా విన్నారు. "సరే, గెలిచినావు" అన్నారు. "రేపు పొద్దున యాకోబు యాడుండాల?"

ఏ పోటీలోనూ న్యాయనిర్ణేతలు గెలిచినవారిని అలాంటి ప్రశ్న అడగలేదు. ఆమె తన ఆలోచన విప్పి చెప్పారు. "గొలుసు జబ్బు తగ్గిస్తాదని నేను యాడా చెప్పను. వాపు దానంతటదే తగ్గాల. కానీ మెడలో బంగారం ఉన్న బిడ్డను ఏ తల్లైనా వీధిలోకి వదుల్తుందా? పొమ్మన్నా పోనియ్యదు. మనకు కావలసింది అదే గదా!"

ఎంత చక్కని యుక్తి! అయితే పాత అలవాటు ఊరుకోదు. "మార్తమ్మ నాటుకు పోతే గుడిసెలో బంగారం వేసుకున్న బిడ్డకు కాపలా ఎవరు? గొలుసు ఒకటి, పిల్లలు ముగ్గురు. పైగా రమణమ్మగారు పాలెం బిడ్డకు గొలుసు ఇస్తారా?"

సుగుణమ్మగారు వీధి చివరికి వినిపించేటట్లు నవ్వారు. "అట్టా అడుగు! నేనీ మూడూ ఆలోచించలే. పద, మూడోది ఆమెనే అడుగుదాం. నువ్వే అడగాల."

రమణమ్మగారు ఇంటి ముందరి పంచలో కూర్చొని చింతకాయలు వలుస్తున్నారు. సంగతి విని, సుగుణమ్మగారి వైపు ఓరగా చూశారు. "ఏంది సుగుణమ్మా, మీరు కిరస్తానీవాళ్ళు. మా గొలుసు మీద నమ్మకమెప్పుడు కుదిరిందీ?"

"గొలుసు మీద కాదులేమ్మా. దాన్ని పారేసుకోకుండా చూసే నీ కంటి మీద."

రమణమ్మగారు పకపకా నవ్వారు. నేను గొంతు సవరించుకున్నాను. "అడిగినవారికి మీరు లేదనలేదని ఊరంతా చెప్పుకుంటుందమ్మా. పాలెం నుంచి ఇంతవరకు ఎవరైనా అడిగారా?"

"అడగలే."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను. యాకోబు కోసం."

చింతకాయ వలిచే చెయ్యి ఆగింది. ఆమె వీధిలోకి చూశారు, లోపలి గది వైపు చూశారు, చివరకు మెడలోని గొలుసును పట్టుకొని చూసుకున్నారు. శనివారానికి ఇక ఎంతో దూరం లేదు.

"నా నోటితో లేదనే మాట రాదు" అన్నారు మెల్లగా. "కానీ చూడమ్మే, ఈసారి మాత్రం గొలుసు ఈ పంచ దాటదు. నా కళ్ళ ముందే ఉండాల. కావలిస్తే పిలకాయల్నే ఈడికి తీసుకురాండి. మా ఇంట్లో అందరికీ ఈ గవదలు ఎప్పుడో వచ్చి పోయినాయి, భయం లేదు."

సుగుణమ్మగారు నా చెయ్యి గట్టిగా నొక్కారు. మేము గొలుసు అడగడానికి వచ్చాం. ఆమె తన బంగారం మీది భయంతో పంచనే ఇచ్చేశారు!

మర్నాటి నుంచి పాలెం పిల్లలు ఎన్నడూ కాలు మోపని ఆ పంచలో చాపలు పరిచాం. ఎవరి గ్లాసు వారిది, ఎవరి తువ్వాలు వారిది. నమలలేరు గనుక మెత్తటి జావ. ఒక్క గొలుసు వంతులవారీగా మెడ మారేది. వంతు రాని పిల్లలు కూడా అది తమ దగ్గరికి వచ్చేదాకా కదిలేవారు కాదు. రమణమ్మగారి కాపలా ముందు ఏ ఆసుపత్రి కట్టడీ నిలవదు. "ఏందిరా యాకోబూ, మెట్టు దిగతా ఉండావు? నా రెండు పేటలూ యాడికి తీసుకుపోతావురా?" యాకోబు ఉబ్బిన బుగ్గలతో నవ్వలేక నవ్వేవాడు. శనివారం అధ్యక్షులు వచ్చి, వీధిలోనే నిలబడి ఆ పంచను తేరిపార చూసి, "మూయనక్కరలేదులే" అని వెళ్ళిపోయారు. నేను బాలవాడి దాకా పరుగెత్తాను. పరుగెత్తుతూ అరిచానని తర్వాత సుగుణమ్మగారు చెప్పారు.

నాట్లు ముగిశాయి, వాపులు తగ్గాయి, చాపలు ఎత్తేశారు. ఊరు మారిపోయిందని నేను చెప్పను. అయితే యాకోబు మాత్రం దారిన పోతూ పోతూ ఆ పంచ ఎక్కి "అవ్వా!" అని కేకవేసేవాడు. వాణ్ణి దిగమనడానికి ఆమెకు నోరు రాలేదు.

సుగుణమ్మగారు ఇప్పుడు జలదంకిలో చెల్లెలి ఇంట ఉన్నారు. నేను ఈనాటికీ వాదిస్తాను, తరచుగా గెలుస్తాను. గెలిచిన ప్రతిసారీ ఆమె గొంతు చెవిలో పడుతుంది. నమ్మకాన్ని వాడుకోవడం ధర్మమేనా అనే నా ప్రశ్న మాత్రం ఇంకా తీరలేదు. ఆ ప్రశ్నను వదలవద్దని ఆమే చెప్పారు.

ఇక ఈ ఉదయం గుమ్మంలో నిలబడిన తల్లి. ఈ ఊళ్ళో నాకు ఏ రమణమ్మా తెలియదు, ఏ గొలుసూ లేదు. "తగ్గేదాకా ఇంట్లో ఉంచుకో" అనే వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. అందులో ఏ తప్పూ లేదు. ఆమె అప్పటికే తల వంచుకొని వెనక్కి తిరగబోతోంది.

"అమ్మా, ఆగు" అన్నాను. "రేపు పొద్దున ఈ బిడ్డ యాడుంటాది?"

ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత చేతిలోని గంప దించి, బిడ్డతో సహా మెట్టు మీద కూర్చున్నది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.