వెనక నుంచి పిలవకూడదు

మా ఆయన మధ్యరకం ఎస్‌యూవీ ఒకటి కొన్నాడు. ఏడుగురు కూర్చోవచ్చని కొన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. మిగతా అయిదు సీట్ల సంగతి అడిగితే "ఉండనీ, తిండి పెట్టల్నా ఏమన్నా?" అనేవాడు. బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో చాలామంది లాగే ఆయన కూడా పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషి. కారు వారమంతా ముసుగేసుకుని ఇంటి ముందు పడుకునేది. ఆదివారం వస్తే దానికేదో ఒక పని కల్పించాలి.

ఆ పని చిన్నత్త వల్ల దొరికింది.

చిన్నత్త అంటే మా అత్తగారి చెల్లెలు. ఆమె భర్త గనిలో పనిచేసేవాడు. గని మూసిన కొన్నాళ్లకు ఆయన పోయాడు. అప్పటినుంచి ఆమె టేకల్ దగ్గర పల్లెలో మా అత్తమామల ఇంట్లో ఉంటూ పెళ్లిళ్లకు వంట చేసేది. ఎంత పెద్ద పెళ్లయినా ఆమె చేతిలో సాంబారు చెడిపోయిందన్న మాట లేదు. కానీ తాళి కట్టే వేళకు ఆమె పొయ్యి దగ్గరే ఉండాలి, పందిట్లోకి రాకూడదు. ఇంట్లో ఎవరైనా ప్రయాణమవుతుంటే పక్కకు తప్పుకోవాలి. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమే తప్పుకునేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఒకసారి నోరు తెరిచి అడిగాను కూడా. "సుమ్నే ఊరుకోమ్మా, పప్పు మాడిపోతాది" అని నన్ను పంపేసింది.

అలాంటి మనిషికి మా కేజీఎఫ్‌లోనే, రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న అంగడి అద్దెకు దొరికింది. టిఫిన్ హోటలు పెట్టుకుంటానంది. ముహూర్తం శుక్రవారం పొద్దున. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆలోపు అంగట్లో పాలు పొంగించాలి. వచ్చే వారమే ఆషాఢం, ఆలోపు ఇంకో ముహూర్తం లేదు, ఆ తర్వాత నెల రోజులు కొత్త పని మొదలుపెట్టేది లేదు. అంగడి యజమాని అంతదాకా ఆగేలా లేడు. ఆ శుక్రవారం తెరవకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని మొహం మీదే చెప్పాడు.

పాలు పొంగించేది ముత్తైదువే కావాలి కాబట్టి మా అత్తగారు, ఆమెకు తోడు నేను. అంగడి చిన్నత్తది, పొయ్యి చిన్నత్తది, మొదటి నిప్పు మాత్రం మాది. దానికీ ఆమె సరేనంది. నేను పళ్లు నూరుకుని ఊరుకున్నాను.

సామాను చాలా ఉంది. రుబ్బే గ్రైండరు, రెండు గ్యాసు పొయ్యిలు, గుండిగలు, ఇడ్లీ పాత్ర, ఇద్దరు మోస్తే గాని లేవని దోసె పెనం. చిన్న లారీ మాట్లాడదాం అన్నారు మామగారు. మా ఆయన మొహం ఎర్రబడింది.

"నా గాడి ఉండంగా లారీ ఎందుకప్పా? ట్రైలరు తగిలిస్తే కండ్లు మూసుకుని లాగేస్తాది."

అంతే, ఆండర్సన్‌పేటలో ఒక వెల్డింగ్ షాపుకు పోయి కారు వెనక ఇనుప పలక బిగించుకొచ్చాడు. తెలిసినవాళ్ల దగ్గర రెండు చక్రాల ట్రైలరు అడిగి తెచ్చాడు. పలకకు ఒక చిల్లు, ట్రైలరు ముక్కుకు ఒక చిల్లు. రెండూ కలిపి బొటనవేలంత లావు పిన్ను దూర్చాలి. ఆ పిన్నే మొత్తం బంధుత్వం.

రెండు ఆదివారాలు గని మట్టి పోసిన సైనైడు దిబ్బల పక్క మైదానంలో ప్రాక్టీసు చేశాడు. ముందుకు పోవడం సుళువే, వెనక్కి నడపడమే కష్టం. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి. చెప్పినదానికి ఎదురు చేసే దానితో కాపురం ఆయనకు అలవాటే కదా, ఇంట్లో నేను లేనా అనుకున్నాను. మొత్తానికి రెండో ఆదివారానికి ఆయనకు ఆ విద్య పట్టుబడింది.

గురువారం సాయంత్రం ఇద్దరం పల్లెకు పోయి సామానంతా ఎక్కించాం. పిన్ను వేసింది మా మామగారు. ఆయన గనిలో వైండింగ్ ఇంజన్ నడిపినవాడు. మనుషుల్ని కేజ్‌లో భూమి లోపలికి దించి, మళ్లీ పైకి తీసిన చేతులు. పిన్ను వేసి, ఊపి చూసి, బరువు దాని మీద పడకుండా ట్రైలరు ముందు కాలు కింద ఆనించి, "నా సర్వీసులో కేజ్ ఒక్క దినం జారలేదు" అన్నారు. అది నిజం, నేను కాదనను.

శుక్రవారం తెల్లవారి పూజ. మా అత్తగారు కారుకు పసుపు పూసింది, ట్రైలరుకు పూసింది, ఆరు చక్రాలకూ బొట్లు పెట్టింది. ఆరింటి కిందా నిమ్మకాయలు పెట్టింది. తర్వాత ఆమె చూపు పిన్ను మీద పడింది.

"బరువంతా లాగేది ఇదేనంటారే. దీనికి బొట్టు లేకుంటే ఎట్ల?"

బయటికి లాగి, కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి పళ్లెంలో పెట్టి కళ్లకద్దుకుంది. మేమూ అద్దుకున్నాం. కర్పూరం వెలిగింది, గంట మోగింది. పూజలో మోగకూడదని మా ఆయన ఫోను నోరు నొక్కేశాడు. అందరం భక్తిలో ఉన్నాం. పిన్ను కూడా భక్తిగా పళ్లెంలోనే ఉండిపోయింది.

కారు వెనక సీట్లు మడిచి బియ్యం మూటలు, బెంచీలు పైదాకా నింపారు. మాకు చోటు లేదు, నేనూ అత్తగారూ కేజీఎఫ్ మీదుగా పోయే మారికుప్పం రైల్లో రావాలని ఏర్పాటు. అద్దంలో మా ఆయనకు మూటలు తప్ప ఏమీ కనపడవు. ట్రైలరు కారు కంటే సన్నం, పక్క అద్దాల్లోనూ కనపడదు. చిన్నత్త ముందు సీట్లో ఒళ్లో దేవుడి పటం, కాళ్ల దగ్గర పాల క్యాను పెట్టుకుని కూర్చుంది. నేను నిండు బిందెతో ఎదురొచ్చాను. ఆమె వైపు చూస్తే కళ్లు తుడుచుకుంటోంది.

కారు కదిలింది. నాలుగు నిమ్మకాయలు టప్‌మన్నాయి. రెండు నిమ్మకాయలు అలాగే ఉన్నాయి, వాటి వెనక ట్రైలరూ అలాగే ఉంది. కారు మాత్రం దుమ్ము రేపుకుంటూ పోతోంది.

నేను నోరు తెరిచాను. పసుపు చెయ్యి ఒకటి వచ్చి టక్కున మూసేసింది.

"పిలవాకు!" అంది అత్తగారు. "పోయేవాళ్లను వెనక నుంచి పిలిస్తే పని జరుగుతాదా?"

ఇది ఉత్త చాదస్తమని నవ్వేయడానికి లేదు, ఆ ఇంట్లో దీనికో చరిత్ర ఉంది. ఇంతకుముందు చిన్నత్త ఒకసారి మాలూరులో మెస్సు పెడతానని బయలుదేరితే, మామగారు వెనకనుంచి "గొడుగు మరిచిపోయినావమ్మా" అని కేకేశారు. మెస్సు నెల తిరక్కుండా మూతపడింది. నేరం గొడుగుది కాదు, పిలుపుదని తీర్పు. అందుకే ఆ శుక్రవారం మామగారు తన నోటిని తన రెండు చేతులతోనే మూసుకుని నిలబడ్డారు. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయాక గాని చేతులు తీయలేదు.

"పిన్ను నేను వేసినాను. నా చేతులారా వేసినాను" అన్నారు ముందుగా.

అత్తగారు పళ్లెం వైపు చూసింది.

"మామా, ఫోన్ చేద్దాం" అన్నాను.

"అదీ వెనక నుంచి పిలిచినట్లే గదా?" అంది అత్తగారు.

మామగారు ఆలోచించారు. వైండింగ్ డ్రైవరు ఆలోచిస్తే తాడు ఎటునుంచి ఎటు పోతుందో చూస్తాడు. "లేదు. ఫోను ఈడినుంచి నేరుగా పోదు. టవరుకు పోయి, ఆడినుంచి పోతాది. టవరు యాడుండాది? వాడు పోయే బంగారపేట దిక్కున. అంటే ముందర నుంచి పిలిచినట్లు."

"మాట్లాడేది మనమే గదా? మనం వెనకే ఉండాము గదా?"

"మనం చిన్నగా మాట్లాడితే? అదీ పిలుపేనా?"

ఇలా ఎంతసేపు వాదించుకున్నారో గాని, దూరంగా మారికుప్పం రైలు కూత పెట్టి వెళ్లిపోయింది. ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరూ టమాటాలతో కోలారు మార్కెట్టుకు పోయి ఉంది. చివరికి నేను ఎవర్నీ అడక్కుండా ఫోన్ చేశాను. మా ఆయనకు చేస్తే మోగి మోగి ఆగింది. చిన్నత్తకు చేస్తే ట్రైలర్లోంచి వినపడింది. భద్రంగా ఉంటుందని ఫోన్ను ఇడ్లీ పాత్రలో పెట్టుకుంది మహాతల్లి.

ఇక దారిలో జరిగింది చిన్నత్త చెప్పగా విన్నది. మా ఆయన చెప్పేదాంట్లో ఇందులో సగం ఉండదు.

ఊరు దాటగానే "చూసినావా చిన్నమ్మా, ఇంత బరువున్నా బండికి తెలియనే లేదు" అన్నాడట. రోడ్డు మీద స్పీడు బ్రేకరు వస్తే ముందు చక్రాలు దాటించి, వెనక చక్రాలు దాటించి, లేని ట్రైలరు కోసం ఇంకాసేపు నిదానంగా పోయేవాడట. మలుపుల దగ్గర వెడల్పుగా తిప్పేవాడట. బంగారపేటలో వెనకనుంచి బస్సువాడు హారన్ కొడితే, కిటికీలోంచి చెయ్యి చాపి "వెనక ట్రైలరుండాది, కనపడలేదా?" అని కసిరాడట. ఆ బస్సు డ్రైవరు ఏమనుకున్నాడో నేను ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటాను.

రాబర్ట్‌సన్‌పేటలో అంగడి ముందు ఆయన విద్య చూపించే సమయం వచ్చింది. ట్రైలరును గడప దాకా రివర్సు చేయాలి. ట్రైలరు ఎడమకు పోవాలని స్టీరింగు కుడికి తిప్పాడు. ట్రైలరు ఉంటే సరిగ్గా వచ్చేది. కారు మాత్రం చెప్పినట్టు విని కుడికి పోయి, వెనక చక్రాన్ని కాలవలో పెట్టింది. చిన్నత్త దిగి వెనక్కి వెళ్లింది. కిటికీ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగిందట.

"యాడప్పా ట్రైలరు?"

మా ఆయన గబగబా దిగి చూశాడు. దారిలో ఊడిపోయింది, ఎవరి మీదో పడింది అనుకున్నాడు. ఫోన్ చూస్తే నావి బోలెడు కాల్స్. వెంటనే నాకు చేశాడు.

"ఎవరికన్నా దెబ్బ తగిల్నా?"

"ఎవరికీ ఏం కాలేదు. ట్రైలరు ఇంట్లోనే ఉండాది. నువ్వే యాడికో పోయినావు."

నాకు నవ్వు ఆగలేదు, కానీ గడియారం చూశాక ఆగిపోయింది. ఆయన ఇక్కడికి రావాలి, తగిలించుకోవాలి, మళ్లీ పోవాలి. పదిన్నర లోపల అయ్యే పని కాదు. పొయ్యిలు మా దగ్గర, ముత్తైదువలం మేమూ ఇక్కడే. చిన్నత్త అక్కడ ఖాళీ అంగట్లో ఒక్కతే ఉంది, కాళ్ల దగ్గర పాల క్యాను, పక్కన వాచీ చూసుకునే యజమాని. మా అత్తగారు గడప మీద కూలబడి, "నా చేతులారా చెడిపినాను దాని అంగడి" అని ఏడ్చింది. ఎప్పుడూ ఆమెను ఆటపట్టించే నేను ఆరోజు పక్కన కూర్చుని వీపు నిమిరాను.

ఆ వీధిలో వాళ్లు చక్రాన్ని కాలవలోంచి ఎత్తిపెట్టారు. మూటలూ బెంచీలూ అంగట్లో దించేసి ఆయన వచ్చాడు. మామగారు పిన్ను వేసి, మళ్లీ వేరేవాళ్లు ముట్టుకోకుండా కారు ఎక్కేదాకా దాన్ని పట్టుకునే నిలబడ్డారు. ఈసారి సీట్లున్నాయి, నలుగురం ఎక్కాం. చేరేసరికి పదకొండు దాటి చాలాసేపయింది.

అంగడి ముందు నలుగురైదుగురు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లలో యజమాని కూడా ఉన్నాడు. లోపల మూడు రాళ్ల పొయ్యి, కొబ్బరి పీచు మంట, దాని మీద ఎవరిదో అరువు గిన్నె. గిన్నె అంచు నుంచి పాలు కారి ఎండిన చారలు. చిన్నత్త మొహమంతా మసి.

"పాలు ఎవరు పొంగిచ్చినారే?" అంది అత్తగారు.

"నేనే."

"నువ్వా?"

"పక్కంగడి ఆమె, నేను ముత్తైదువను, నేను వెలిగిస్తానని వచ్చినాదక్కా. అగ్గిపెట్టె ఒకటి ఇయ్యమ్మా, చాలు అన్నాను. పదింపావుకు పొంగినాయి."

అత్తగారి మొహంలో ఏం కదిలిందో నాకు తెలియలేదు. గడప దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ఆడే ఉండక్కా" అంది చిన్నత్త. గొంతు పెంచలేదు, సాంబారులో ఉప్పు ఎంతో చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు రాహుకాలం. సామానైనా, మనుషులైనా, పన్నెండు దాటినాకనే నా అంగట్లోకి రావల్ల."

మామగారు, మా ఆయన, నేను, ఇద్దరు ముత్తైదువల్లో పెద్దదైన మా అత్తగారు, మా వెనక పసుపు పూసుకున్న ట్రైలరు. అందరం వరసగా ఎండలో నిలబడ్డాం. నాకు ఎంత సంతోషం వేసిందంటే, రోడ్డు మీద కాకపోయి ఉంటే ఈల వేసేదాన్ని. చిన్నత్త లోపలినుంచే గడప దాకా వచ్చి మాకు తలా ఒక గ్లాసు పాలు అందించింది.

అత్తగారు ఒక గుక్క తాగింది. "చక్కెర ఎక్కువేసినావు" అంది. గ్లాసు ఖాళీ చేసి, గడప ఇవతలి నుంచి చెయ్యి చాపి, ఇంకొంచెం పొయ్యమంది.