నాలుగు పంక్తులకే ఖలాస్

మా సైట్‌లో ఒక ముసలి ఆస్ట్రేలియా ఇంజనీరు ఉన్నాడు. టీ టైంలో వాళ్ల బీడు పల్లెల మీద రాసిన పాత కవితలు చదువుకుంటాడు. బుష్ పోయెట్రీ అంటారట. ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, అవాలి ఎండలో, కంటైనర్ నీడన కూర్చుని, ఒకదాని మొదటి నాలుగు పంక్తులు గట్టిగా చదివాడు. పక్కనే ఉన్న మేస్త్రీ, మన జగిత్యాల గంగారాం, నన్ను అర్థం చెప్పమన్నాడు. స్టోర్ కీపర్‌ని కదా, కాస్త ఇంగ్లిషు వచ్చని ఇలాంటివన్నీ నా మీదే పడతాయి.

మూడేళ్లుగా వాన లేదు, వాగు ఎండిపోయింది, గొర్రెలు చస్తున్నాయి, రైతు వాకిట్లో నిలబడి మబ్బుకేసి చూస్తున్నాడు అని చెప్పాను.

“ఖలాస్ సార్, ఇగ చెప్పకుండ్రి. ముంగటి కథ నాకెర్కే. గొర్లనమ్ముతడు. బోరు ఏపిస్తడు, నీళ్లు పడయి. ఇంకోటి ఏపిస్తడు, గండ్ల గూడ దుమ్మే. ఆఖరికి ఇల్లిడిసి పోతడు.”

ఇంజనీరుకి ఇంగ్లిషులో చెప్పాను. ఆయన పేజీలు తిరగేసి, బోర్లు తప్ప అంతా సరిగ్గానే ఉందన్నాడు. ఈ కవిత ఇతను ఎప్పుడు చదివాడని అడిగాడు. ఇతనికి అక్షరం ముక్క రాదని చెప్పాను.

“మల్ల వాపస్ వస్తడా సార్, గాయన?” అన్నాడు గంగారాం.

పుస్తకం తీసుకుని చివర చూశాను. కవితలో వాన పడింది. చూడ్డానికి ఆ రైతు లేడు. ఆ పేజీ చిరిగిపోయిందని చెప్పాను. మీరైతే ఏం చెప్పేవారో రాయండి.

“చింపినోడు మంచిపని జేసిండు సార్” అని గంగారాం డ్యూటీకి లేచాడు.